అక్కకు చెప్పని మాట

అక్కకు చెవులు వినపడవని ఆ దరఖాస్తులో నేను రాయలేదు. 'ఆరోగ్య సమస్యలు ఏమైనా ఉన్నాయా' అన్న ప్రశ్న పక్కన 'లేవు' అని నొక్కాను. నా పక్కనే కుర్చీలో కూర్చున్న అక్క కంప్యూటర్ తెర వైపు చూస్తూ "ఏం రాసినవే?" అని అడిగింది. పెదవులు ఆమెకు కనిపించేటట్టు ఆమె వైపు తిరిగి, "అంత మంచిగనే ఉన్నదని రాసిన" అన్నాను. అక్క సరేనన్నట్టు తల ఊపింది.

నాకు చేవెళ్ల బస్టాండు దగ్గర చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. రైతుల కాగితాలు, కులం సర్టిఫికెట్లు, పిల్లల హాల్‌టికెట్లు, ఏదైనా సరే ఆన్‌లైన్‌లో నింపాలంటే జనం నా దగ్గరికే వస్తారు. అక్క సురంగల్‌లో ఉంటుంది. బావ, ఆమె కలిసి చామంతి, బంతి వేస్తారు. నాకంటే ఆరేళ్లు పెద్ద. ముప్పై అయిదు దాటాక ముందు కుడి చెవి, తర్వాత ఎడమ చెవి మెల్లమెల్లగా మూసుకుపోయాయి. పట్నంలో డాక్టరు చెవి మిషన్ ఇచ్చాడు. ఇంట్లో కూర్చుని మాట్లాడేటప్పుడు అది కొంత పనిచేస్తుంది. గాలి వీస్తే ఈల వేస్తుంది, వాన పడితే పాడవుతుంది. అందుకని ఆరుబయటికి వెళ్లినప్పుడు అక్క దాన్ని తీసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, జాకెట్లో పెట్టుకుంటుంది.

గుట్టలెక్కాలన్న కోరిక అక్కదే. మా అమ్మ పుట్టిన ఊరు వికారాబాద్ అవతల, మూసీ పుట్టే గుట్టల కింద ఉంది. దసరా సెలవులకు వెళ్లినప్పుడు సీతాఫలాల కోసం గుట్ట మొదలు దాకా పోయేవాళ్లం. అంతకుమించి పైకి పోనిచ్చేవాళ్లు కాదు. అది సర్కారు అడవి, పైన మూడు కొనలు వరసగా ఉంటాయి. ఊళ్లో వాటిని ముందు గుట్ట, నడిమి గుట్ట, కొన గుట్ట అనేవాళ్లు. అక్క పన్నెండేళ్లప్పుడు ఎవరికీ చెప్పకుండా ముందు గుట్ట ఎక్కి వచ్చింది. అమ్మమ్మ చింత బరిగె తీసుకుని ఆమె కాళ్ల మీద కొట్టింది. ఏడుస్తూనే అక్క నా చెవిలో, "ఇంకా రెండున్నయే" అంది.

రెండేళ్ల క్రితం, ఆదివారాల్లో కొద్దిమందిని మూడు గుట్టల మీదికీ నడిపించుకుపోతారని, ముందుగా అనుమతి తీసుకోవాలని నా దుకాణంలోనే ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఆ మాట అక్కకు చెప్పింది కూడా నేనే. చెప్పకపోయినా బాగుండునని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. అది ఆషాఢం. పెళ్లిళ్లు ఉండవు, పూలకు గిరాకీ తక్కువ. అక్క వెంటనే, "వచ్చే ఐతారం పోదాం" అంది.

నిజం రాస్తే అనుమతి ఇవ్వరేమోనని అబద్ధం రాశాను. రాశాక, ఏమన్నా అయితే నాదే పాపం అని భయపడ్డాను. నాకు భయం కొత్త కాదు. అంతకు ముందు సంవత్సరం మోకిల వైపు కొత్త వెంచర్లకు మట్టి తోలే టిప్పరు ఒకటి, రోడ్డు దాటుతున్న అక్క వెనక హారన్ కొట్టీ కొట్టీ చివరికి బ్రేకు వేసింది. ఆమె కొంగుకు బెత్తెడు దూరంలో ఆగింది. అక్క వెనక్కి తిరిగి చూడనే లేదు. డ్రైవరు దిగి తిడుతుంటే, ఎదురుగా నిలబడ్డ నా మొహం చూసి, "ఏమైందే, గట్లున్నవు?" అని అడిగింది. ఆ రోజు నుంచి అక్క కనుచూపు దాటితే నాకు హారన్ వినపడుతున్నట్టే ఉండేది.

ఆదివారం తెల్లవారుజామున అక్క మొదటి బస్సుకు చేవెళ్ల వచ్చింది. చీర మీద బావ పాత చొక్కా తొడుక్కుని, భుజాన ఎర్ర తువ్వాల వేసుకుని, కాళ్లకు కొత్త కాన్వాసు బూట్లు వేసుకుంది. మన్నెగూడ దగ్గర బస్సు కుడిచేతికి వికారాబాద్ రోడ్డు ఎక్కేదాకా ఆమె కిటికీలోంచి తల తిప్పలేదు. నేను మాత్రం సంచిలో నీళ్ల సీసాలు, గ్లూకోజు ప్యాకెట్లు, కట్టు గుడ్డ ఉన్నాయో లేదోనని తడిమి తడిమి చూసుకుంటూ కూర్చున్నాను. ఆకాశం మబ్బుగా ఉంది.

అడవి గేటు దగ్గర పదిమందిమి జమయ్యాం. ఎక్కువ మంది పట్నం నుంచి కార్లలో వచ్చినవాళ్లు. మొయినాబాద్ నుంచి ఒకామె ఒంటరిగా వచ్చింది. మమ్మల్ని నడిపించేది అడవి కాపలా చూసే ఒక వాచర్. యాభై దాటిన మనిషి, పక్క తండాలో ఉంటాడట, చేతిలో వెదురు కట్టె. అందరి వెనక నడవడానికి అడవి శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. వాచర్ బయలుదేరే ముందు గట్టిగా చెప్పాడు. "ఎవ్వరు లైన్ దాటొద్దు. నేను సీటీ ఊదితే ఆగాలె. ఎవరన్న తప్పిపోతె ఉన్న కాడనే ఉండి ఒర్రాలె. సీటీ వినవడ్తె గా దిక్కు రావాలె. సమజైందా?"

అందరూ అయిందన్నారు. అక్క కూడా అందరి తలలు చూసి తల ఊపింది. సీటీ గురించి ఆమెకు చెప్పాలా వద్దా అని నేను ఒక క్షణం తటపటాయించాను. సీటీ వినపడదు కదా, చెప్పి ఏం లాభం అనుకున్నాను. "నా వెనకనే ఉండు" అని మాత్రం చెప్పాను.

ముందు గుట్ట సులువుగానే ఎక్కాం. పైకి చేరాక వాచర్ తూర్పు వైపు కట్టె చాపి, మబ్బు లేకపోతే అటు చేవెళ్ల దిక్కు పొలాలు, పూల తోటల ప్లాస్టిక్ పందిళ్లు తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయన్నాడు. నేను అక్క వైపు తిరిగి ఆ మాటే చెప్పాను. అక్క నవ్వి, "దీని మీదికి ఎక్కినందుకే అమ్మమ్మ కొట్టింది" అంది. మామూలుగా కంటే గట్టిగా అంది. తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆమెకు తెలియదు. పట్నం వాళ్లు ఇద్దరు తిరిగి చూశారు. నాకు సిగ్గేసింది. అట్లా సిగ్గుపడినందుకు తర్వాత ఇంకా సిగ్గేసింది.

నడిమి గుట్టకు పోయే దారి సన్నగా, రెండు వైపులా పొదలతో ఉంది. పైన సన్నని జల్లు మొదలైంది. అక్క చెవి మిషన్ తీసి కవరులో చుట్టుకుంది. అప్పటి నుంచి ప్రతి పది అడుగులకూ వెనక్కి తిరిగి చూడడం నా పని అయింది. ఒకసారి రాయి తట్టుకుని పడబోయాను కూడా. అక్క నా భుజం తట్టి, "ముందుకు చూసి నడువు. నేనేడికి పోత?" అంది.

నడిమి గుట్ట మీదికి చేరేసరికి మంచు లాంటి మబ్బు మమ్మల్ని కమ్మేసింది. పది గజాల అవతల ఏముందో కనిపించడం లేదు. పట్నం పెద్దాయన ఒకరికి మోకాలు పట్టేసింది. వాచర్ అటూ ఇటూ చూసి, అందరికీ వినపడేటట్టు చెప్పాడు.

"కొన గుట్ట ఇయ్యాల బంద్. మబ్బు దిగింది. పైన బండలు జారుతయి, ఒక దిక్కు లోయ ఉన్నది. ఈడికెల్లి కిందికి దిగుదాం."

నా గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది. దేవుడా, చాలు అనుకున్నాను. అక్క వైపు చూశాను. ఆమె కొంచెం ఎడంగా, మాకు వీపు పెట్టి, మబ్బులోకి చూస్తూ నిలబడి ఉంది. వాచర్ మాట ఆమెకు తెలియదు. వెళ్లి చెప్పాలి. నాలుగు అడుగులు వేస్తే చాలు. కానీ చెబితే ఏమంటుందో నాకు తెలుసు. ఇంత దూరం వచ్చి తిరిగిపోతమా అంటుంది. అందరి ముందూ గట్టి గొంతుతో వాచర్‌తో వాదులాడుతుంది. కొంచెం దూరం దిగాక చెబుదాం, అప్పటికి ఇక చేసేదేమీ ఉండదు అనుకున్నాను. ఆమె భుజం తట్టి, 'పద' అని చేత్తో సైగ చేశాను. అంతే చేశాను.

నడిమి గుట్ట నుంచి కొంత దూరం ఒకటే దారి. ఆ తర్వాత నిలువెత్తు బండ ఒకటి వస్తుంది. దానికి ఎడమ వైపు దారి కిందికి దిగుతుంది, కుడి వైపు దారి కొన గుట్టకు ఎక్కుతుంది. వెనక నడవాల్సిన ఆఫీసరమ్మ మోకాలు నొప్పి పెద్దాయనకు భుజం ఆనించి మా ముందే నడుస్తోంది. నేను వాళ్ల వెనక ఉన్నాను. నా వెనక బురదలో బూట్ల చప్పుడు వినపడుతోంది. ఆ చప్పుడు వింటూ, అక్క వస్తోంది కదా అన్న ధీమాతో, ఆ ఒక్కసారి మాత్రం వెనక్కి చూడకుండా దిగాను. దిగడం జారుడుగా ఉంది, కళ్లన్నీ కాళ్ల మీదే. బండ దాటి పది పదిహేను నిమిషాలు అయి ఉంటుంది. ఇక చెప్పాలి అనుకుని వెనక్కి తిరిగాను.

నా వెనక ఉన్నది మొయినాబాద్ ఆమె.

"మా అక్కేది?"

"మీ అక్కనా? నేనే లాస్ట్ కదండీ" అంది ఆమె. "ఆమె బండ కాడ బూటు లేసు కట్టుకుంటున్నరు. మీకు చెప్పే ఆగిన్రేమో అనుకున్న."

"అన్నా! మా అక్క లేదు!" అని అరిచాను. వాచర్ ఆగాడు. సీటీ తీసి ఊదాడు. మూడుసార్లు ఊది, చెవి పెట్టి విన్నాడు. మళ్లీ ఊదాడు. పట్నం వాళ్లంతా చేతులు నోటి దగ్గర పెట్టుకుని "అమ్మా! ఓ అమ్మా!" అని అరిచారు. మబ్బులో ఆ అరుపులు పక్కకే పడిపోతున్నట్టు అనిపించింది. అందరూ అరుస్తుంటే నేను ఒక్కదాన్నే నోరు తెరవకుండా నిలబడ్డాను. వాచర్ అది చూశాడు.

"నువ్వు ఒర్రవేందమ్మ? నీ గొంతు అయితె గుర్తువడ్తది గద."

"మా అక్కకు వినపడది అన్నా" అన్నాను.

"మబ్బుల గొంతు ఏడిదాంక పోతదో మనకెట్ల తెల్సు, జర గట్టిగ..."

"అది కాదు. ఆమెకు చెవులే వినపడయి. కాగితంల రాయలె. నేనే రాయలె."

అరుపులు ఆగిపోయాయి. వాచర్ సీటీని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కోపంతో అతని దవడ బిగుసుకోవడం కనిపించింది. కానీ తిట్టలేదు. "కిందికి దిగుతున్నమని ఆమెకెర్కనా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పడానికి ఇక శక్తి లేదు. "ఎర్క లేదు. నేను చెప్పలె."

"అట్లయితె కొన గుట్టకే పోయింది" అన్నాడు. "మనం ముంగటున్నమని పోయింది. ఆడ తొవ్వ పొంటి రాళ్లకు తెల్ల సున్నం గుర్తులున్నయి, చూసుకుంట పోతది." తర్వాత మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టు, "సగం దాంకనే ఉన్నయి గుర్తులు" అన్నాడు.

మిగతావాళ్లను ఆఫీసరమ్మతో కిందికి పంపాడు. నన్ను కూడా పొమ్మన్నాడు. నేను పోనన్నాను. ఒక్క క్షణం నా మొహం చూసి, "సరె, నా అడుగుల అడుగు వెట్టి రా" అని వెనక్కి ఎక్కడం మొదలుపెట్టాడు.

ఆ ఎక్కుడు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఊపిరి ఆడటం లేదు. బుర్రలో మాత్రం ఏవేవో లెక్కలు. బావకు ఏం చెప్పాలి? అక్క బిడ్డకు ఏం చెప్పాలి? 'నీ వెనకనే ఉంది కదా' అంటారు. 'నీ వెనకనే ఉంటే ఎట్ల తప్పిపోయింది' అంటారు. ఫోన్ తీసి చూశాను, సిగ్నల్ లేదు. ఉన్నా ఆమె ఎత్తదు, మోగితే కదా తెలిసేది. మెసేజ్ పెట్టాను. అది పోలేదు. తిరిగి తిరిగి అదే మెసేజ్ నొక్కుతుంటే వాచర్, "అమ్మా, అది లోపల పెట్టు. జారి పడ్తవు" అన్నాడు.

నిలువెత్తు బండ దగ్గరికి వచ్చేసరికి కుడి వైపు దారిలో, తంగేడు కొమ్మకు అక్క ఎర్ర తువ్వాల కనిపించింది. ఊరికే తగులుకోలేదు. రెండు ముళ్లు వేసి కట్టి ఉంది. దాన్ని పట్టుకుని ఏడ్చేశాను. వాచర్ ముడిని చూసి, "హుషారున్న మనిషే" అన్నాడు. "దీన్ని గిట్లనే ఉండనియ్యి. పద."

సున్నం గుర్తులు సగం దాకానే ఉన్నాయన్న అతని మాట నిజమే. ఆ తర్వాత అంతా నల్ల బండ. దాని మీద అడుగు జాడ పడదు. వాచర్ కట్టెతో తడుముతూ, ఒంగి చూస్తూ నడుస్తున్నాడు. ఒక చోట ఆగి, ఏదో తీసి నాకు చూపించాడు. చిన్న ప్లాస్టిక్ కవరు. అక్క చెవి మిషన్ చుట్టుకున్నది. ఖాళీగా ఉంది. దొరికిన చోటికి నాలుగు అడుగుల అవతల బండ అంచు, ఆ కింద ఉత్త తెలుపు.

నేను అక్కడే కూలబడ్డాను. వాచర్ నన్ను కదలొద్దని చెయ్యి చూపించి, బోర్లా పడుకుని అంచు దాకా పాకాడు. తల కిందికి వంచి చూశాడు. చాలాసేపు చూశాడు. అతని కాళ్లు తప్ప నాకేమీ కనిపించడం లేదు. ఆ కాళ్లకు వేసుకున్న రబ్బరు చెప్పుల అడుగున బురద ఎట్లా అతుక్కుని ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఏదో ఒకటి చెప్పు అని అరవాలని ఉంది, కానీ ఏం చెబుతాడోనని వినాలని లేదు. చివరికి అతను వెనక్కి పాకి లేచి కూర్చున్నాడు.

"చెట్లు గిట్ల ఇరగలె. ఏం గాలె. కవరు గాలికి ఎగిరొచ్చినట్టుంది" అన్నాడు. చెమటో వానో, మొహం తుడుచుకున్నాడు. అతనూ భయపడ్డాడని అప్పుడు తెలిసింది.

ఇంకో పావుగంట ఎక్కాం. చివర దారి రెండు రాళ్ల మధ్యలోంచి పోతుంది. ఆ రాళ్లు దాటగానే మబ్బులో ఒక ఆకారం చెయ్యి ఎత్తింది.

అక్క. ఒక పెద్ద బండకు వీపు ఆనించి, మేం వచ్చే దారి వైపే మొహం పెట్టి, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది. జుట్టు తడిసి నుదుటికి అతుక్కుపోయింది. నేను పరుగెత్తి ఆమె మీద పడ్డాను. ఆమె నన్ను పట్టుకుంది. చేతులు మంచు ముక్కల్లా చల్లగా ఉన్నాయి. తర్వాత నన్ను కొంచెం వెనక్కి జరిపి, నా నోటి వైపు చూస్తూ అడిగింది.

"అందరేరి?"

"కిందికి పోయిన్రు."

"కిందికా? ఈడికి రాకుంటనే?"

"కొన గుట్ట బంద్ అన్నడక్కా. మబ్బు దిగిందని."

"ఎప్పుడన్నడు?"

అక్క వాచర్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. అక్క మళ్లీ నా వైపు తిరిగింది.

"నడిమి గుట్ట కాడ్నే అన్నడా?"

తల ఊపాను.

"నీకెర్కనా?"

"చెప్తె నువ్వు గడబడ జేస్తవని... కింద చెప్దామని..."

అక్క అరిచి ఉంటే బాగుండేది. చాలా చిన్న గొంతుతో, గాలిలో నాకే సరిగా వినపడనంత చిన్నగా, "నేను నీ ఎనకనే వస్తున్ననే. లేసు కట్టుకొని లేసేవరకు ఎవ్వరు లేరు. కొన గుట్టకు పోదామని గద వచ్చింది, ముంగట పోయిన్రనుకున్న" అంది.

వాచర్ ఆమె ముందుకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు. తన మొహం ఆమె మొహానికి ఎదురుగా పెట్టి, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. "అక్కా. కిందికి దిగకుంట ఈడ్నే ఎందుకు కూసున్నవు?"

"దిగుదామనే చూసిన. మబ్బుల తొవ్వ దొర్కలె. ఆ అంచు కాడికి పోయి మళ్లిన. చెవిల మిషన్ వెట్టుకుందామని తీసేవరకు కవరు ఎగిరిపోయింది. ఎవరన్న వస్తే ఈ రెండు రాళ్ల నడుమకెల్లే రావాలె గద అని గిటు దిక్కు మొఖం పెట్టి కూసున్న."

"భయం గాలేదా?"

"ఎందుకు గాదు?" అంది అక్క. "చిరుత నా ఎనక నిలబడ్డ నాకెర్క గాదు. గందుకే బండకు ఈపు ఆనిచ్చిన."

వాచర్ మొదటిసారి నవ్వాడు. లేచి కట్టె చూపించి అన్నాడు. "నేను కట్టె మీదికెత్తితే ఆగాలె. కిందికి వంచితే నడవాలె. కుడికి చూపితె కుడికి. సమజైందా?"

"ఐంది" అంది అక్క.

కొన గుట్ట మీద నుంచి మాకు ఏమీ కనిపించలేదు. నాలుగు దిక్కులా తెల్లటి మబ్బే. లేచేటప్పుడు అక్క ఒకసారి చుట్టూ చూసి, బండ మీద అరచేయి ఆనించి, తీసేసింది. దిగేటప్పుడు ముందు వాచర్, నడుమ అక్క, వెనక నేను. వాచర్ ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి తిరిగేవాడు, అక్క కళ్లలోకి చూసి కట్టె ఆడించేవాడు. ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరమూ ఆమెతో అట్లా మాట్లాడలేదని దారంతా నాకు తోస్తూనే ఉంది. మేము పక్క గదిలోంచి అరుస్తాం. ఆమెకు వినపడకపోతే విసుక్కుంటాం. ఊళ్లోవాళ్లు ఆమె పక్కనే నిలబడి, 'మీ అక్కకు చెప్పు' అని నాకు చెబుతారు.

గేటు దగ్గర ఆఫీసరమ్మ మాకోసం గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. నేనే వెళ్లి అంతా చెప్పాను. ఆమె నన్ను గట్టిగానే మందలించింది. "ముందే చెప్పుంటే ఆమెతోటి ఒక మనిషిని పెట్టేటోళ్లం కదమ్మా. వద్దనేటోళ్లం కాదు." ఆ మాట అక్క చూసింది, ఆమె పెదవుల మీదే చదువుకుంది.

తిరుగు బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా అక్క వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. చేవెళ్లలో దిగమని భుజం తట్టాను. ఆమె దిగలేదు. అదే బస్సులో మొయినాబాద్ దాకా పోయి, ఆటోలో సురంగల్ చేరిందని రాత్రికి బావ ఫోన్ చేసి చెప్పాడు. "ఏమైందే మీ ఇద్దరికి?" అన్నాడు. "నువ్వు ఆమెనే అడుగు బావా" అన్నాను.

మూడు వారాలు అక్క నా దుకాణానికి రాలేదు. మెసేజ్ పెడితే 'సరే' అని ఒక్క మాట వచ్చేది. ఆమె ఎక్కడుందో, రోడ్డు దాటుతోందో, పొలంలో పాముందో అని అంతకు ముందు పడిన భయాలన్నీ అట్లాగే ఉన్నాయి. వాటి మీద ఇంకొక భయం వచ్చి కూర్చుంది. ఇక నన్ను నమ్మదేమో. శ్రావణం మొదలైంది, పూల పని జోరుగా ఉంటుంది. ఒక రోజు దుకాణం మూసి సురంగల్ పోయాను.

అక్క బంతి తోటలో పూలు తెంపుతోంది. వెనక నుంచి పిలిస్తే లాభం లేదు. చుట్టూ తిరిగి, ఆమె ఎదుటి సాలులోకి వెళ్లి నిలబడ్డాను. చూసింది. ఒక గంప నా వైపు తోసింది. ఇద్దరం చెరో వైపు నుంచి తెంపుకుంటూ సాలు చివరి దాకా వచ్చాం.

"అమ్మ దవాఖానల ఉన్నప్పుడు" అని మొదలుపెట్టింది అక్క, తల ఎత్తకుండానే, "డాక్టర్ ఇగ రెండు రోజులే అన్నడు. మీ అందరికెర్క. నాకు ఎప్పుడు చెప్పిన్రు? పాణం పోయినంక. ఎందుకంటే అక్క గట్టిగ ఏడుస్తది, అమ్మ భయపడ్తది అన్నరు. యాదికున్నదా?"

యాదికి ఉంది. ఆ మాట అన్నది నేనే.

"నాకు రెండు రోజులు పోయినయి" అంది. "గుట్ట మీద గంటనే పోయింది. గది పెద్దగాదు."

నా చేతిలో పూలు గంపలో పడలేదు, నేల మీద పడ్డాయి. "నాకు భయమక్కా. నీకు ఏమన్న అయితదని పొద్దు మాపు భయమే. ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు" అన్నాను. ఏడుస్తూ మాట్లాడితే పెదవులు సరిగా కదలవు. ఆమెకు అర్థం కాలేదు. "ఆగు, మల్ల చెప్పు" అంది. కళ్లు తుడుచుకుని మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

అక్క నడుము నిలబెట్టి నా మొహంలోకి చూసింది. "వాళ్లు ఏమన్నరో గదే చెప్పు. వింటె నేను ఏం జేస్తనో నువ్వు సోంచాయించకు. లడాయి వెట్టుకుంటె పెట్టుకుంట. గది నా ఇష్టం." తర్వాత నేల మీద పడ్డ పూలు చూపించి, "మట్టి అయితయి, ఏరు" అంది.

ఆ మాటతో అంతా బాగైపోయిందని చెప్పలేను. ఇప్పటికీ ఎవరైనా ఆమె ముందు ఏదైనా అంటే, ముందు నేను ఆ మాటను తూచి చూస్తాను. చెప్పనా వద్దా అని నాలుక మీదికి వచ్చి ఆగుతుంది. ఆగినప్పుడల్లా ఆ బండ అంచు దగ్గర వాచర్ కాళ్లు కనిపిస్తాయి. చెప్పేస్తాను. కొన్నిసార్లు అక్క నిజంగానే గడబడ చేస్తుంది. ఒకసారి మార్కెట్లో ఎవడో ఆమెను 'చెవిటిది' అన్నాడు. ఏమన్నాడని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాడి గంప బోర్లించినంత పని చేసింది. పదిమంది చూశారు. నాకు చెమటలు పట్టాయి, కానీ ఆమెను పట్టుకుని లాగలేదు.

ఆ ఏడు చలికాలంలో అక్క మళ్లీ గుట్టలకు పోయింది. నన్ను రమ్మనలేదు. మొయినాబాద్ ఆమెతో కలిసి పోయింది. మొదటిసారి పోయిన రోజు పొద్దున గేటు దగ్గర వాళ్లిద్దరూ ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆదివారమైనా ఇంట్లో కూర్చోలేక దుకాణం తెరిచాను. ఎవరిదో ఆధార్ కార్డుకు బదులు ఇంకెవరిదో పది కాపీలు తీశాను. గోడ గడియారం వైపు, ఫోన్ వైపు చూడటమే సరిపోయింది. పదకొండు దాటినా ఏమీ రాలేదు. పన్నెండు దాటింది. అడవిలో సిగ్నల్ ఉండదని నాకు తెలుసు. తెలిసినా, బండ అంచు, తెల్లటి మబ్బు, ఖాళీ కవరు కళ్ల ముందు తిరుగుతూనే ఉన్నాయి. టీ తెప్పించుకుని తాగడం మర్చిపోయాను.

సాయంత్రం నాలుగింటికి అక్క బస్సు దిగి, నడుచుకుంటూ నేరుగా దుకాణంలోకి వచ్చింది. మొహం ఎండకు కమిలి ఉంది. కుర్చీలో కూలబడి బూట్లు విప్పింది. నేను నీళ్లు ఇచ్చాను. చెంబెడు నీళ్లు తాగి, ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె మిగిలిన సగం తిని, అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. కొన గుట్ట మీద నుంచి అమ్మమ్మ ఊరి చెరువు అరచేతిలో పెట్టుకునేంత కనిపించిందట. వాచర్ గుర్తుపట్టి, కట్టె ఎత్తి దండం పెట్టినట్టు ఆడించాడట. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగి, "వచ్చే నెల ఇంకో దిక్కు, జర పెద్ద గుట్టకు తీసుకపోతరట. పోదామనుకుంటున్న" అంది.

పెద్ద గుట్టనా, ఎంత పెద్దది, ఎవరెవరు, వాన పడితే, కాలు జారితే అని వంద ప్రశ్నలు గొంతు దాకా వచ్చాయి. అక్క నా పెదవుల వైపే చూస్తోంది.

"ఎన్ని గంటల బస్సుకు పోవాలె?" అని అడిగాను.